ఇరవై ఏడు బిళ్ళల పెట్టె

(సరంగు తాత స్మారకోపన్యాసం: పూర్తి పాఠం)



స్మారకోపన్యాసాలు సాధారణంగా పుస్తకాలు రాసినవాళ్ల పేరు మీదో, సంస్థలు కట్టినవాళ్ల పేరు మీదో జరుగుతాయి. సరంగు తాత పుస్తకం రాయలేదు. వయసంతా సరకు ఓడల మీద గడిపి, సరంగుగా పని విరమించుకుని భీమిలికి తిరిగొచ్చాడు. వచ్చాక ప్రతి ఆదివారం సాయంత్రం ఈ గ్రంథాలయం గదిలో, ఆ కిటికీ కింద కూర్చుని, వచ్చిన పిల్లలందరికీ కథ చెప్పాడు. ఆ పిల్లల్లో నేనొకణ్ణి. తర్వాత కథలు రాయడమే నా బతుకైంది. కథ గురించి నాకు తెలిసిన దానికి మొదలు ఆ కిటికీ కిందే ఉంది. ఇవాళ ఆయన చెప్పిన కథల జోలికి వెళ్లను. కథ మొదలుపెట్టే ముందు ఆయన బల్ల మీద పెట్టే ఈ చెక్కపెట్టె గురించి మాట్లాడతాను.

జారుడు మూత ఉన్న పెట్టె ఇది. లోపల డామినో బిళ్ళలున్నాయి. ఉండాల్సినవి 28. ఉన్నవి 27.

ఆట

చూడని పిల్లల కోసం చెబుతాను. డామినో బిళ్ళ మన బొటనవేలంత పలక. మధ్యలో అడ్డగీత. గీతకు అటూ ఇటూ చుక్కలు. ఒక్కో సగంలో ఖాళీ నుంచి ఆరు దాకా ఎన్నైనా ఉండవచ్చు. ఖాళీని సున్న అనుకుంటే మొత్తం ఏడు అంకెలు. ప్రతి అంకె మిగతా ఆరింటితో ఒక్కొక్కసారి, తనతో తాను ఒకసారి జత కడుతుంది. అలా లెక్కిస్తే 28 బిళ్ళలు వస్తాయి, వాటి మీద 168 చుక్కలు. రెండు వైపులా ఒకే అంకె ఉన్నదాన్ని తాత జంట అనేవాడు.

ఆట సులువు. ఒకరు ఒక బిళ్ళ పెడతారు. తర్వాతివాళ్లు దాని కొసన ఉన్న అంకెకు సరిపోయే అంకె ఉన్న బిళ్ళను ఆనించాలి. రెండు-నాలుగు పక్కన నాలుగు-ఆరు, దాని పక్కన ఆరు-ఒకటి. వరుస ఎంత పొడవైనా దానికి తెరిచి ఉన్న కొసలు రెండే. చేతిలో సరిపోయేది లేనివాళ్లు వంతు వదులుకోవాలి. అన్ని బిళ్ళలూ ముందుగా వదిలించుకున్నవాళ్లది గెలుపు.

ఈ బిళ్ళలు పుట్టింది చైనాలో. సాంగ్ వంశం నాటి హాంగ్‌ఝౌ నగరపు ముచ్చట్లు రాసిపెట్టిన ఝౌ మీ, అక్కడ చిల్లర వర్తకులు అమ్మే సరుకుల్లో పాచికలతో పాటు ఈ బిళ్ళలనూ పేర్కొన్నాడు. చైనా ఆటలో 32 బిళ్ళలు. రెండు పాచికలు వేస్తే పడగల 21 జతలు, వాటిలో 11 మళ్లీ రెండోసారి. పాచికకు ఖాళీ ముఖం ఉండదు కనుక ఆ బిళ్ళల్లో సున్న లేదు. 18వ శతాబ్దంలో ఇటలీలో, ఆ తర్వాత ఫ్రాన్సులో, ఇంగ్లండులో ఈ ఆట కనిపించేసరికి ఖాళీ సగాలున్న ఏడు బిళ్ళలు అందులో వచ్చి చేరాయి. ఏమీ లేకపోవడం కూడా ఒక అంకెగా ఆటలోకి వచ్చింది. ఖాళీకి ఖాళీయే జోడీ.

ఓడలెక్కి ఆట కరీబియన్ దీవులకు చేరింది. అక్కడ అది వీధి ఆట. తాత కింగ్‌స్టన్ రేవులో చూసింది మాకు చేతులతో చేసి చూపించేవాడు. నలుగురు, తలా ఏడు బిళ్ళలు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒక జట్టు. బిళ్ళను మెల్లగా పెట్టరు, బల్ల అదిరేలా కొడతారు. క్యూబా పడమటి భాగంలో తొమ్మిది చుక్కల దాకా వెళ్లే 55 బిళ్ళల పెట్టె వాడతారు. నలుగురూ తలా పది తీసుకుంటే మిగిలిన పదిహేను ఆట ముగిసేదాకా బోర్లాపడే ఉంటాయి. దేశం వదిలి మయామీ చేరిన క్యూబావాళ్లు అక్కడి మాక్సిమో గోమెస్ పార్కులో ఇప్పటికీ ఆ ఆట చుట్టూ చేరి కబుర్లాడుకుంటారు. ఊరు వదిలినా ఆట వదల్లేదు. ఆటతో పాటు మాటా మిగిలింది.

జట్టు ఆటలో ఒక నియమం ఉంది. నా చేతిలో ఏముందో జట్టువాడికి నోటితో చెప్పకూడదు. పెట్టిన బిళ్ళే చెప్పాలి. పెట్టలేకపోవడం ఇంకా ఎక్కువ చెబుతుంది. కొసన నాలుగు ఉన్నప్పుడు నేను వంతు వదిలితే, నా దగ్గర నాలుగు లేదని బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలిసిపోతుంది. మంచి ఆటగాడు పడిన బిళ్ళలను ఎంత గుర్తుపెట్టుకుంటాడో, పడని వాటినీ అంతే గుర్తుపెట్టుకుంటాడు. ఎవరు ఎక్కడ ఆగారో అతని మనసులో నమోదవుతూ ఉంటుంది.

కథ వినేవాడూ అంతే. మన దగ్గర కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు కావాలి. ఊ కొట్టకపోతే కథ ముందుకు సాగదు. పిల్లవాడు ఎక్కడ చటుక్కున ఊ కొట్టాడో, ఎక్కడ ఆలస్యం చేశాడో చూసుకునే తాత తర్వాతి మాట ఎంచుకునేవాడు. వినేవాడి చేతిలోనూ బిళ్ళలుంటాయి. అవి మనకు కనపడవు.

పడే బిళ్ళలు

అయితే లోకానికి డామినో అనగానే ఈ ఆట గుర్తుకు రాదు. వరసగా నిలబెట్టిన బిళ్ళలు ఒకదాని తర్వాత ఒకటి పడిపోవడం గుర్తుకొస్తుంది. అందులో అందం ఉంది, శాస్త్రం ఉంది. తనకంటే ఒకటిన్నర రెట్లు పెద్దదైన బిళ్ళను కూడా ఒక బిళ్ళ పడగొట్టగలదని భౌతిక శాస్త్రవేత్త లోర్న్ వైట్‌హెడ్ 1983లో 13 బిళ్ళలతో చూపించాడు. మొదటి బిళ్ళ చాలా చిన్నది, చివరిది సుమారు రెండడుగుల ఎత్తు. వేలి కొసతో తాకితే చాలు.

కథలు రాసేవాళ్లను ఈ బొమ్మ తేలిగ్గా లోబరుచుకుంటుంది. మొదటి సంఘటనను తోస్తే చాలు, మిగతావన్నీ వాటంతట అవే జరిగిపోవాలి, అదే బిగువైన కథ అని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం కథలకే పరిమితమైతే పెద్ద నష్టం లేదు. 1954 ఏప్రిల్ 7న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పత్రికలవాళ్లతో మాట్లాడుతూ ఇండోచైనాను డామినో వరసతో పోల్చాడు. ఒక దేశం కమ్యూనిస్టుల చేతికి పోతే పక్కవి వేగంగా పడిపోతాయన్నది ఆ మాట సారం. ఆ పోలిక ఒక సిద్ధాంతమై కూర్చుంది. వియత్నాం యుద్ధాన్ని సమర్థించిన వాదాల్లో అదొక ముఖ్యమైన వాదం. లక్షల ప్రాణాలు పోయాయి. 1975లో సైగాన్ పతనమైంది. ఆ ఏడాదే కంబోడియా, లావోస్ కమ్యూనిస్టుల పాలనలోకి వెళ్లాయి. థాయిలాండ్, మలేసియా, ఇండోనేసియా వెళ్లలేదు.

ఆ పోలికలో దోషం ఎక్కడుంది? పడే వరసలో బిళ్ళకు చేయి లేదు, ఎంపిక లేదు. దాని మీదున్న చుక్కలు ఏవైనా ఒకటే. బోసి చెక్కముక్కలు నిలబెట్టినా అలాగే పడతాయి. ఆటలో మాత్రం ఆ చుక్కలే సర్వస్వం. ఒక దేశానికి తన చరిత్ర, తన భాష, పక్క దేశంతో తన పాత తగవులు ఉంటాయి. అవే దాని చుక్కలు. దూరం నుంచి చూసినవాళ్లకు అవి కనిపించలేదు. ఎత్తు మాత్రమే కనిపించింది. మనుషుల చుక్కలు చూడకుండా చెప్పిన కథ మనుషుల మీదే పడుతుంది.

మన భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి కదా, ఆ దేశంలో జరిగిందే ఇంకో సంగతి. 2005 నవంబరులో లేవార్డెన్ పట్టణంలో ఒక టీవీ కార్యక్రమం కోసం పెద్ద హాలులో 40 లక్షలకు పైగా బిళ్ళలు నిలబెడుతున్నారు. నాలుగు రోజుల్లో ప్రదర్శన ఉందనగా లోపలికొక ఊరపిచ్చుక వచ్చింది. సుమారు 23,000 బిళ్ళలు పడిపోయాయి. పిచ్చుకను కాల్చి చంపారు. దేశమంతా బాధపడింది, కోపగించుకుంది. ఆ పిచ్చుక ఇప్పుడు రోటర్‌డామ్‌లోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ఉంది. మిగతా లక్షల బిళ్ళలు ఎందుకు పడలేదో తెలుసా? వరసల మధ్య 750 చోట్ల ఖాళీలు వదిలారు. చివరి నిమిషం దాకా వాటిని పూడ్చరు. కట్టినదాన్ని కాపాడింది ఆ ఖాళీలే.

చేప నుంచి చీమ దాకా

మన పిల్లలకు మొట్టమొదట చెప్పే గొలుసుకథ ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపను అడిగితే గడ్డిమోపు మీద పెట్టింది, మోపును అడిగితే ఆవు మీద, ఆవు గొల్లవాడి మీద, గొల్లవాడు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద. ఇది పడే బిళ్ళల కథలాగే ఉంటుంది. చీమ కుట్టింది కనుక చేప ఎండలేదు.

తాత చెబుతుంటే నాకు వేరే సంగతి తెలిసింది. జరిగింది చీమ నుంచి చేప దాకా, కానీ కథ నడిచేది చేప నుంచి చీమ దాకా. పడటం ఒక వైపు, చెప్పడం దానికి ఎదురు వైపు. తోసింది ఎవరో ముందే తెలిస్తే అది సంఘటన. ఒక్కొక్కరి గుమ్మం దగ్గర ఆగి అడుక్కుంటూ పోతే కథ. అడిగిన ప్రతిసారీ వచ్చే జవాబులో సగం పాతది, సగం కొత్తది. గడ్డి అన్న జవాబులో ఆవు ఉంది, ఆవు జవాబులో గొల్లవాడున్నాడు. ఇవి పడే బిళ్ళలు కావు, ఆనించే బిళ్ళలు. చివరికి చీమ దగ్గరికి వెళితే అది తల వంచుకోదు. నా పుట్టలో వేలు పెడితే ఊరుకోమంటారా అని ఎదురు ప్రశ్న వేస్తుంది. వరసలో అందరికంటే చిన్నదానికీ తన న్యాయం ఉంది. 1954 నాటి కథలో చీమను అడిగినవాళ్లు లేరు.

ఈ ఆనించే పద్ధతి మన పద్యాలకూ కొత్త కాదు. ముక్తపదగ్రస్తం అని ఒక శబ్దాలంకారం ఉంది. విడిచిపెట్టిన పదాన్నే మళ్లీ పట్టుకుని తర్వాతి పాదం మొదలవుతుంది. అంత్యాక్షరి ఆడే పిల్లలు చేసేదీ అదే, ముందువాళ్లు వదిలిన అక్షరం నుంచి పాట అందుకోవడం. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలను కట్టిన తీరు చూడండి. ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ ఒక వింత కనపడుతుంది, గోపకుమారుడు దాని గురించి అడుగుతాడు, మణిసిద్ధుడు చెబుతాడు. మజిలీ ఒక సగం, కథ ఇంకో సగం. అడిగేవాడు లేకపోతే కాశీ వస్తుంది, కథ రాదు.

కథలో ముందు వచ్చిన వాక్యంతో తర్వాతి వాక్యానికి ఉండాల్సిన సంబంధం ఈ ఆనింపే. ముందుది తర్వాతి దాన్ని బలవంతంగా తోయదు. ఒక కొస తెరిచి ఉంచుతుంది. ఆ కొసకు ఆరు బిళ్ళల్లో ఏదైనా సరిపోవచ్చు. వాటిలో ఏది చేతికొస్తుందో అదే రచయిత స్వభావం.

తప్పిపోయిన బిళ్ళ

ఇక ఈ పెట్టెకు వస్తాను.

నాకు పదేళ్లప్పుడు తాత ఈ 27 బిళ్ళలూ నేల మీద పోసి, "పోనాది ఏదో సూసి సెప్పండ్రా" అన్నాడు. మేము ఒక్కొక్కటే పేర్చి, లేనిది వెతకబోయాం. ఆయన వద్దన్నాడు. అన్నిటినీ ఒకే వరసగా ఆనించమన్నాడు, ఒక్కటీ మిగలకూడదన్నాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఇరుక్కుని, విప్పి, మళ్లీ పేర్చాం. చివరకు వరుస పూర్తయింది. ఒక కొసన మూడు, ఇంకో కొసన ఐదు. "అదే. మూడు-ఐదు పోనాది" అన్నాడు. మరో దారిలో పేర్చాం. మళ్లీ కొసల్లో మూడూ ఐదే. ఎన్నిసార్లు పేర్చినా అంతే.

పెద్దయ్యాక లెక్క అర్థమైంది. పూర్తి పెట్టెలో ప్రతి అంకె ఎనిమిది సగాల మీద ఉంటుంది. వరస లోపల సగాలు రెండేసి చొప్పున కలుస్తాయి. ఎనిమిది సరిసంఖ్య కనుక 28 బిళ్ళలూ కలిపితే కొసలు రెండూ ఒకే అంకెతో వచ్చి, వరుస వలయమై మూసుకుంటుంది. మూడు-ఐదు పోతే మూడుకు ఏడు సగాలు, ఐదుకు ఏడు సగాలు మిగులుతాయి. ఒక్కో దాంట్లో ఒకటి జత దొరక్క కొసకు చేరాల్సిందే. కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనలను ఒక్కొక్కదాన్ని ఒక్కసారే దాటుతూ తిరిగిరాగలమా అన్న చిక్కుకు 18వ శతాబ్దంలో ఆయిలర్ ఇచ్చిన జవాబులో ఉన్నదీ ఈ సరి-బేసి లెక్కే. సున్న నుంచి ఐదు దాకా మాత్రమే ఉన్న 21 బిళ్ళల పెట్టెలో ప్రతి అంకెకూ ఏడు సగాలు కనుక వాటిని ఒక్క వరసగా కలపడం ఎవరి తరమూ కాదు.

తాతకు ఆయిలర్ తెలియదు. ఆయన అన్నది ఒకటే మాట: "బిళ్ళ పోనాది గానీ, దాని జాగా ఎక్కడికీ పోనేదురా."

కథ రాయడం గురించి నేను విన్న మాటల్లో దీన్ని మించింది లేదు. చెప్పకుండా వదిలిన సంగతి కథ మధ్యలో గుంటలా ఉండదు. మిగతావన్నీ సరిగ్గా ఆనుకుంటే అది రెండు కొసలకూ జరుగుతుంది. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ రెండూ కలిపి చూసినవాడికి, రచయిత దాచింది దొరుకుతుంది. అందుకే దాచదలుచుకున్నవాడు మిగతా 27 విషయంలో నిజాయితీగా ఉండాలి. ఒక్క బిళ్ళ అబద్ధంగా ఆనించినా కొసలు తప్పు చెబుతాయి.

కరీబియన్‌లో స్పానిష్ మాట్లాడే దీవుల్లో ఆఖరి బిళ్ళ రెండు కొసలకూ సరిపోయేదైతే ఆ గెలుపును కాపికువా అంటారు. తల, తోక అన్న కతలాన్ మాటల నుంచి వచ్చింది. తప్పిపోయిన మా మూడు-ఐదు అలాంటిదే. దొరికితే రెండు కొసలకూ సరిపోతుంది.

ఆ బిళ్ళ ఎలా పోయిందని ప్రతి ఏడాదీ అడిగేవాళ్లం. ప్రతిసారీ వేరే కథ చెప్పేవాడు. ఏడెన్ దగ్గర గాలివానలో సముద్రంలో పడిందని ఒకసారి, కొలంబోలో కోతి ఎత్తుకుపోయిందని ఒకసారి. ఒకే ఒక్కసారి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. తనతో రోజూ ఆడే తోటి కళాసీ ఒకడు నడిసంద్రంలో జ్వరంతో పోయాడు. ఒడ్డు చాలా దూరం. గుడ్డలో చుట్టి నీళ్లకు అప్పగించే ముందు, వాడి చొక్కా జేబులో చేతికొచ్చిన బిళ్ళ ఒకటి వేశాడట. ఆ ఆదివారం వేరే కథ చెప్పలేదు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మిగతా కథలన్నీ ఒక కొసన సముద్రంతో మొదలై, ఇంకో కొసన ఒక స్నేహితుడి దగ్గర ఆగేవని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

కనపడని లోటు

ఇక్కడితో ఆపితే ఈ ఉపన్యాసం చక్కగా ముగుస్తుంది. కానీ లెక్కలో ఒక మెలిక ఉంది, అది చెప్పకపోతే తాతకు అన్యాయం చేసినట్టు.

తప్పిపోయింది జంట బిళ్ళ అయితే ఏమవుతుంది? నాలుగు-నాలుగు పోయిందనుకోండి. నాలుగుకు ఎనిమిది సగాల్లో ఒకేసారి రెండు పోయి, ఆరు మిగులుతాయి. ఆరూ సరిసంఖ్యే. మిగతా 27 బిళ్ళలూ నిక్షేపంగా కలిసి వలయమైపోతాయి. కొసలు ఏమీ చెప్పవు. ఎవరూ తప్పిపోనట్టే ఉంటుంది.

ఈ లెక్క అర్థమైన రోజు నాకు భయమేసింది. చక్కగా ముగిసిన కథలన్నిటినీ మళ్లీ చూడాలనిపించింది. రామాయణం చూడండి. అడవికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, పట్టాభిషేకం జరిగింది, వలయం మూసుకుంది. పద్నాలుగేళ్లు అంతఃపురంలో ఉండిపోయిన ఊర్మిళ లేకపోయినా ఆ వలయానికి ఎక్కడా పగులు కనపడదు. ఆమె తనతో తాను జత కట్టుకున్న బిళ్ళ. కొసలను బట్టి ఆ లోటు పట్టుకోలేం. పట్టుకున్నది మన తెలుగు ఆడవాళ్లు. ఊర్మిళాదేవి నిద్ర అనే పాట కట్టి, ఆ పద్నాలుగేళ్లూ ఆమె నిద్రలోనే గడిపిందని, తిరిగొచ్చి లేపిన లక్ష్మణుణ్ణి చూసి ఎవరో పరాయివాడని ఉలిక్కిపడిందని ఇళ్లల్లో పాడుకున్నారు. వాళ్లు కథ అందానికి పొంగిపోయి ఆగలేదు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్లకు ఉండే అలవాటుతో, అందరూ వచ్చారా అని తలలు లెక్కపెట్టారు.

తాతకూ ఆ అలవాటు ఉండేది. ఆట అయ్యాక ప్రతిసారీ బిళ్ళలను ఒక్కొక్కటే పెట్టెలో వేస్తూ పైకి లెక్కపెట్టేవాడు. ఇరవై ఏడు దాకా వచ్చి, క్షణం ఆగి మూత వేసేవాడు. ఓడ రేవు విడిచే ముందు తన కింది మనుషులందరూ ఎక్కారో లేదో చూసుకునే సరంగు అలవాటు అది. ఆ క్షణం ఎవరి కోసం ఆగేవాడో ఇప్పుడు మీకు నేను చెప్పనక్కర్లేదు.

కథ చెప్పేవాడికి రెండు బాధ్యతలని నేను ఈ పెట్టె నుంచి నేర్చుకున్నాను. కొసలు నిజం చెప్పేలా బిళ్ళలు ఆనించాలి. వరుస ఎంత అందంగా కలిసినా ఆగి, ఎవరు లేరో లెక్కపెట్టాలి. మొదటిది నేర్పు. రెండోది మనుషుల పట్ల ప్రేమ. మొదటిది లేకుండా కథ నిలవదు. రెండోది లేకపోతే నిలిచినా మనకు పనికిరాదు.

తాత కుటుంబం ఈ పెట్టెను గ్రంథాలయానికి ఇచ్చింది. మూడు-ఐదు బిళ్ళను కొత్తగా చెక్కించి పెడదామని కొందరు మిత్రులు మంచి మనసుతో అన్నారు. నా విన్నపం ఒక్కటే, దాన్ని అలాగే ఉంచండి. పెట్టెకు తాళం వేయకండి, ఆదివారం పూట పిల్లల చేతికివ్వండి.

పిల్లలూ, సభ అయ్యాక ఈ బిళ్ళలు మీవి. వరసగా పేర్చి కొసలు చూడండి. ఆడుకున్నాక ఒక్కొక్కటే పెట్టెలో వేస్తూ, పైకి లెక్కపెట్టండి.